అతిథులు డెక్ మీద, మా ఆయన ఇంజిన్ గదిలో

ప్రశ్న: నేనూ మా ఆయనా కలిసి 48 అడుగుల కాటమరాన్, అంటే రెండు పడవలు పక్కపక్కన జోడించినట్టుండే తెరచాప పడవను చార్టర్‌కి, అంటే విహారానికి వచ్చేవాళ్లకు అద్దెకు నడుపుతున్నాం. ఆయన కెప్టెన్. వంట, అతిథుల సంగతి నావి. వారానికో బృందం వస్తుంది, ఆరుగురి దాకా ఉంటారు. పోయిన వారం రెండో రోజే ముందు గదిలో టాయిలెట్ మూసుకుపోయింది. మూడో రోజు పొద్దున జనరేటర్ వేడెక్కి ఆగిపోయింది. ఆయన ఏడింటికి ఇంజిన్ గదిలోకి దిగి మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చాడు. అది బాగయ్యేదాకా లంగరు ఎత్తేది లేదన్నాడు. నేను అరగంటకోసారి "ఇదిగో, పది నిమిషాల్లో అయిపోతుంది" అంటూ కాఫీలు అందిస్తూ కూర్చున్నాను. ఆ రోజు చూపిస్తామన్న తీరానికి తీసుకెళ్లలేకపోయాం. మధ్యలో మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది కూడా. వెళ్లేటప్పుడు ఒకాయన "పడవ ఎక్కుదామని డబ్బు కట్టాం, మెకానిక్ షెడ్డు చూసి వెళ్తున్నాం" అన్నారు. ఆ మాట మరిచిపోలేకపోతున్నాను. ఏదైనా చెడిపోతే అతిథులకు ఎంతవరకు చెప్పాలి? వాళ్ల సెలవు పాడవకుండా రిపేరు ఎలా చేసుకోవాలి? డబ్బు వెనక్కివ్వాలా? శనివారం ఇంకో బృందం వస్తోంది. జనరేటర్ నీళ్ల పంపు కారుతోంది, ఏదో నడుస్తోంది. కొత్త పంపు అప్పటికి చేరదు.

సమాధానం:

ఆ పెద్దమనిషి మాట గుచ్చుకునేదే. అయినా దాన్ని ఇంకోసారి నింపాదిగా చదవండి. జనరేటర్ పాడైందని ఆయన అనలేదు. రోజంతా దాన్నే చూస్తూ కూర్చున్నామన్నారు. ఉప్పునీళ్లలో తిరిగే పడవలో ఏదో ఒకటి చెడుతుందని చాలామందికి తెలుసు, తెలియనివాళ్లకు చెబితే అర్థమవుతుంది. వాళ్లకు మింగుడుపడనిది వేరే ఉంది. పొద్దున్నే కెప్టెన్ కనపడకుండా పోయాడు. ఎప్పుడు బయల్దేరతామో చెప్పే మనిషి లేడు. మీరేమో పది నిమిషాలని పదహారు సార్లు చెప్పారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అతిథులు పడవలో ఉన్నంతసేపూ మీ ఆయన మొదటి పని వాళ్ల రోజును నిలబెట్టడం. యంత్రాన్ని బాగుచేయడం అందులో ఒక భాగం, అదీ కొన్నిసార్లే. చెడింది కనపడగానే పానా పట్టుకుని దిగిపోవడం సొంత పడవ మీద ఒంటరిగా తిరిగేవాళ్లకు చెల్లుతుంది. చార్టర్‌లో చెల్లదు. విచిత్రమేమిటంటే, పని బాగా వచ్చిన కెప్టెన్లే ఎక్కువగా ఇందులో ఇరుక్కుంటారు. చేతకానివాడు ఫోన్ చేసి ఎవరినో పిలిపిస్తాడు. చేతనైనవాడు "ఇంకొక్క బోల్టు" అంటూ సాయంత్రం చేస్తాడు.

కాబట్టి ఏది చెడినా ముందు ఒకటే లెక్క వేసుకోండి: ఇది లేకుండా ఇవాళ గడుస్తుందా? మీ జనరేటర్ సంగతే చూద్దాం. మీ సైజు పడవల్లో దాని మీద ఆధారపడేవి సాధారణంగా ఏసీ, ఉప్పునీటిని మంచినీరు చేసే వాటర్‌మేకర్, బ్యాటరీల చార్జింగ్. ఇందులో ఏసీ పోతే రాత్రి ఉక్కపోస్తుంది, అంతే. కిటికీలు, హ్యాచ్‌లు (గదుల పైకప్పు తలుపులు) తెరిచి ఫ్యాన్లు పెడితే ఆ ఒక్క రాత్రీ గడుస్తుంది. నీళ్ల లెక్క తీయండి. ట్యాంకుల్లో 700 లీటర్లు ఉన్నాయనుకుందాం. మీతో కలిపి ఎనిమిది మంది, మనిషికి రోజుకు 25 లీటర్లంటే మొత్తం 200. మూడు రోజులకు ఢోకా లేదు. వెనక మెట్ల మీద సముద్రపు నీళ్లతో స్నానం చేసి, చివర్లో రెండు చెంబుల మంచినీళ్లు పోసుకోమంటే ఇంకో రోజు, రెండు రోజులు లాగవచ్చు. ఇక బ్యాటరీలు. కాటమరాన్‌లో రెండు ఇంజిన్లు ఉంటాయి, రెండింటికీ ఆల్టర్నేటర్లు, అంటే ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేవి, ఉంటాయి. ఇంజిన్ల మీద పడవ కదిలితే బ్యాటరీలు వాటంతటవే చార్జ్ అవుతాయి. కదలకుండా ఉన్నందువల్లే ఆ రోజు మీ బ్యాటరీలు కూడా దిగిపోయి ఉంటాయి.

అంటే ఎనిమిదిన్నరకు లంగరు ఎత్తి ఉంటే, ఇంజిన్ల మీద గంటో రెండు గంటలో వెళ్లి, మిగతా దూరం తెరచాపలతో సాగి, పదకొండింటికల్లా అతిథులు మీరు చెప్పిన తీరంలోనే నీళ్లలో ఉండేవాళ్లు. అప్పుడు మీ ఆయన ఇంజిన్ గదిలోకి దిగినా ఎవరికీ పట్టేది కాదు. చేసే రిపేరు అదే, పట్టే టైమూ అదే. ఆ రోజు మాత్రం మిగిలేది.

ఈ లెక్క వర్తించని సందర్భాలు ఉన్నాయి, వాటిని ముందే ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోండి. లోపలికి నీళ్లు రావడం, మంట, వంటగ్యాస్ వాసన, చుక్కాని పట్టు తప్పడం, లంగరు జారడం, మనిషికి పెద్ద దెబ్బ తగలడం. వీటిలో ఏది జరిగినా ఎవరి సెలవు గురించీ ఆలోచించక్కర్లేదు. అతిథులకు లైఫ్‌జాకెట్లు వేయించి ఒకచోట కూర్చోబెట్టండి, మీరిద్దరూ పని చూడండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. కాబట్టి వాసన వస్తే సిలిండర్ కట్టేయాలి, ఒక్క స్విచ్చు ముట్టుకోకూడదు, గాలి బాగా ఆడేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. రేడియోలో 16వ చానెల్ మీద పిలవడానికి మొహమాటపడొద్దు. ప్రాణాపాయం దగ్గరపడితే మేడే. ప్రాణం మీదికి రాకపోయినా సాయం కావాల్సినంత అత్యవసరమైతే పాన్‌పాన్. రెండోది ఉందని తెలిసినా వాడని కెప్టెన్లు ఎంతమందో. చుక్కాని పోయి గాలి తీరం వైపు నెడుతుంటే, మేడే అనే స్థితి వచ్చేదాకా ఆగడం ధైర్యం అనిపించుకోదు.

ఇక టాయిలెట్. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే అతిథులు ఇంటికెళ్లి కథలు కథలుగా చెప్పుకుంటారు. టాయిలెట్ మూసుకుపోతే ఒక్కరూ నవ్వరు. నన్నడిగితే జనరేటర్ కంటే ఇదే పెద్ద విషయం. దీన్ని మాత్రం అదే రోజు తేల్చాలి. మొదట ఆ గది వాళ్లకు ఇంకో టాయిలెట్ చూపించండి. ఆ మాట భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ కాకుండా వాళ్లతో విడిగా చెప్పండి. ఎవరు ఏం వేశారని ఆరా తీయకండి, దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

టాయిలెట్ పంపు బిగుసుకుంటే చాలామంది ఇంకా గట్టిగా కొడతారు. అలా కొడితే హోస్ జాయింటు ఊడుతుంది, అప్పుడు టాయిలెట్‌తో పాటు ఆ గది కూడా పోతుంది. ముందు తేలికైనవి చూడాలి. హోల్డింగ్ ట్యాంకు, అంటే టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు, నిండిందా? దాని గాలిగొట్టం మూసుకుపోయిందా? గాలి బయటికి పోలేకపోతే ట్యాంకులో ఒత్తిడి పెరిగి పంపు కదలదు. బయటికి వెళ్లే వాల్వు ఎవరైనా మూసేశారా? తర్వాత జోకర్ వాల్వు, అంటే వెళ్లింది వెనక్కి రాకుండా ఆపే చీలికలున్న రబ్బరు మూతి. కాగితం ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే. ఆ రబ్బరు ముక్కను ఏటా మార్చడం మంచిది, చవకైన వస్తువే. ఇవేవీ కాకపోతే హోస్ లోపల సున్నంలా గట్టిపడిన పొర. మూత్రం, సముద్రపు నీరు కలిసి ఆ పొర కడుతుంది. దారి ఏటేటా సన్నబడుతుంది, పోయినేడు ఇబ్బంది లేకుండా వెళ్లింది ఈ ఏడు ఇరుక్కుంటుంది. అతిథులు లేని రాత్రుల్లో వెనిగర్ పోసి వదిలేస్తే పొర కట్టడం తగ్గుతుంది. బాగా ముదిరిన హోస్‌ను మాత్రం సీజను మధ్యలో ఖాళీ చూసుకుని మార్చేయాలి.

హోస్ విప్పాల్సి వస్తే టైము చూసుకోండి. లంగరు వేసిన పడవ ముక్కు గాలి వైపు తిరిగి ఉంటుంది. ముందు గదిలో హోస్ విప్పి పైన హ్యాచ్ తెరిచి ఉంచారంటే, ఆ వాసన గాలితో పాటు నేరుగా వెనక కాక్‌పిట్‌కి, అంటే మీరు భోజనం వడ్డించే చోటికి చేరుతుంది. కాబట్టి అందరూ ఈతకు వెళ్లాక చేయండి. వాల్వులు మూసి, గది తలుపు వేసి, పని ముగిసి అంతా కడిగాకే హ్యాచ్ తెరవండి. ఇవన్నీ తప్పాలంటే మొదటి రోజు, ఎక్కిన మొదటి గంటలోనే చెప్పాలి: తిని అరిగించుకున్నది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు, టాయిలెట్ పేపర్ కూడా పక్కనున్న బుట్టలోకే. లైఫ్‌జాకెట్ గురించి చెప్పే గొంతుతోనే చెప్పండి. సిగ్గుపడి గొణిగితే వినేవాళ్లు కూడా దాన్ని తేలిగ్గా తీసుకుంటారు.

జనరేటర్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఎనిమిది గంటలు ఎక్కడ పోయాయో కొంత ఊహించగలను. వేడెక్కి ఆగిందంటే మొదట చూడాల్సింది ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు పడుతున్నాయా అని. పడకపోతే చల్లబరిచే సముద్రపు నీరు రావట్లేదన్నమాట. జాలీలో నాచు, ప్లాస్టిక్ సంచి ముక్క, జెల్లీ చేప ఏదైనా అడ్డుపడిందేమో చూడాలి. జాలీ శుభ్రంగా ఉంటే పంపులోని ఇంపెల్లర్. అది రబ్బరు రెక్కల చక్రం, నీళ్లు లేకుండా తిరిగిందంటే చూస్తుండగానే పాడైపోతుంది. దాన్ని మార్చే పని తెలిసిన చేతికి కాసేపే. కానీ పడవ ఊగుతుంటే, ఇంజిన్ వేడి ముఖానికి కొడుతుంటే, చిన్న చిన్న స్క్రూలు జారి అడుగున నల్లటి నీళ్లలో పడితే, వాటిని వెతకడానికే పూట గడుస్తుంది. అందుకే విప్పే ముందు పంపు కింద ఒక పాత తువ్వాలు పరవాలి. సీకాక్, అంటే పడవ అడుగు నుంచి నీరు తీసుకునే వాల్వు, మూసి జనరేటర్ తాళంచెవిని దాని పిడికే తగిలించాలి. మళ్లీ స్టార్ట్ చేయాలంటే తాళంచెవి కోసం అక్కడికే వెళ్లాలి, అప్పుడు వాల్వు తెరవడం మరిచిపోరు.

పాత ఇంపెల్లర్ బయటికి తీశాక రెక్కలు లెక్కపెట్టాలి. రెండు తక్కువున్నాయంటే ఆ రెండూ ఎక్కడో ఉన్నాయి, చాలావరకు ముందున్న హీట్ ఎక్స్‌చేంజర్ (సముద్రపు నీళ్లతో ఇంజిన్ వేడిని లాగేసే భాగం) మూతి దగ్గర. వాటిని తీయకుండా కొత్తది వేస్తే సాయంత్రానికి మళ్లీ వేడెక్కుతుంది. కొత్తదానికి గిన్నెలు కడిగే సబ్బు రాసి, తిరిగే దిక్కుకే మెలిపెట్టి నెడితే సులువుగా కూర్చుంటుంది. ఇంకొకటి. చల్లబరిచే నీళ్లు ఆగిన కాసేపట్లో మండే పొగ రబ్బరు ఎగ్జాస్ట్ హోస్ గుండా పొడిగా వెళ్లి ఉంటుంది. ఆ హోస్, దాని మధ్యలోని సైలెన్సర్ డబ్బా మాడాయేమో, పగిలాయేమో చేత్తో తడిమి, టార్చి వేసి చూడాలి. ఇది మీ శనివారం బృందానికి సంబంధించిన విషయం, దీని గురించి కింద చెబుతాను.

ఇక పని ఎప్పుడు, ఎంతసేపు చేయాలనే విషయం. గంటసేపు. అంతకు మించి ఒక్క దఫాలో వద్దు. గంట కాగానే ఆయన పైకి రావాలి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, అతిథులకు కనపడి రెండు మాటలు చెప్పాలి. తర్వాత మీరిద్దరూ పక్కకు వెళ్లి కొనసాగించాలా, వదిలేసి కదలాలా అని తేల్చుకోవాలి. గంట గడిచినా కారణం దొరకలేదంటే ఆ రోజుకు అది దొరకదనే అనుకుని మిగతా ప్లాన్ చేసుకోండి. దొరికితే సంతోషమే. పొద్దున అతిథులు లేవకముందు, వాళ్లు నీళ్లలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పని చేసుకోవచ్చు. డ్రిల్లు, సుత్తి మాత్రం ఎనిమిదిలోపు వద్దు. ఫైబర్ పడవలో ఒక చివర సుత్తి దెబ్బ ఇంకో చివర దిండు కింద మోగుతుంది.

రాత్రుళ్లు మేలుకుని చేయడం చాలామంది కెప్టెన్లకు గొప్ప. నాకది నచ్చదు. రాత్రి రెండింటిదాకా పంపు విప్పిన మనిషి పొద్దున ఏడింటికి రాళ్ల మధ్య నుంచి పడవ నడిపితే, పంపు బాగున్నా పడవ గట్టెక్కదు. ఏసీ లేక అతిథులు ఒక రాత్రి చెమట పట్టి పడుకోవడం మేలు. ఇద్దరే సిబ్బంది కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆయన కింద, మీరు వంటింట్లో ఉంటే పైన చూసేవాళ్లు ఉండరు. లంగరు జారినా, పక్క పడవ మీదికొచ్చినా తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆయన కిందికి దిగుతుంటే మీరు పైకి రండి, ఆ పూట భోజనం చల్లటి పదార్థాలతో సరిపెట్టండి. ప్రొపెల్లర్‌లో తాడు చుట్టుకుంటే ఆయన నీళ్లలోకి దిగే ముందు రెండు ఇంజిన్లూ ఆగాలి, తాళంచెవులు మీ జేబులో ఉండాలి.

ఇప్పుడు మీరు మొదట అడిగిన ప్రశ్న: అతిథులకు ఎంతవరకు చెప్పాలి? నిజం చెప్పండి, కానీ క్లుప్తంగా. ఏం చెడింది, దానివల్ల వాళ్ల రోజులో ఏం మారుతుంది, మళ్లీ ఎప్పుడు చెబుతారు. ఉదాహరణకు, "జనరేటర్ వేడెక్కి ఆగిపోయిందండీ. పడవకేమీ ప్రమాదం లేదు. ఇవాళ ఏసీ రాదు, నీళ్లు కాస్త చూసి వాడాలి. తొమ్మిదింటికి బయల్దేరుతున్నాం. మధ్యాహ్నం భోజనాల టైముకి దీని సంగతి మళ్లీ చెబుతాం." ఇది ఆయనే చెప్పాలి. కెప్టెన్ నోటి నుంచి వింటే వాళ్లకు భయం తగ్గుతుంది, వంట చేసే మనిషి చెబితే కెప్టెన్ ఏదో దాస్తున్నాడేమో అనిపిస్తుంది. భోజనాల టైముకి చెబుతానన్నాక, చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా చెప్పాలి. "ఇంకా తేలలేదు" అనేది కూడా సమాచారమే. "పది నిమిషాలు" అనే మాట మాత్రం ఇక మీ పడవలో వినపడకూడదు.

ప్రతి బృందంలోనూ యంత్రాలు తెలిసిన ఒక పెద్దాయన ఉంటారు, ఆయన తప్పకుండా ఇంజిన్ గది అంచున చేరి వంగి చూస్తారు. చూడనివ్వండి. ఐదు నిమిషాలు టార్చి పట్టుకోమన్నా పరవాలేదు, ఆయనకు ఆ రోజు అదే వినోదం. పానా మాత్రం చేతికివ్వొద్దు. వేలు నలిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు మీరు చెప్పుకునే సమాధానం ఉండదు.

మీ మాటామాటా సంగతికి వస్తే, హ్యాచ్‌లు తెరిచి ఉన్న పడవలో రహస్యం ఉండదు. మాటలు అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది. కెప్టెన్ భార్య కోపంగా ఉందంటే పడవ పరిస్థితి బాగాలేదనే లెక్క వేసుకుంటారు అతిథులు. మీ కోపం న్యాయమైనదే. ఆయన చేయని సంజాయిషీ మీరు చేయాల్సివచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు నడవడం ఈ వృత్తిలో కొంత తప్పదు, కానీ ఆ మోత మీ ఒక్కరి భుజం మీదే పడకూడదు. ఈ ఉత్తరాన్ని ఆయనకూ చదివి వినిపించండి. గంట నియమం ఖాయం చేసుకుంటే సగం గొడవ ఉండదు, ఎందుకంటే "ఇంకెంతసేపు" అని మీరు అడగాల్సిన పని ఉండదు.

విడిభాగాల గురించి ఒక్క మాట. అతిథులు ఉన్నప్పుడు బాగుచేయడం కంటే మొత్తంగా మార్చేయడం మేలు. మంచినీళ్ల పంపు ఆగితే విప్పి డయాఫ్రమ్, అంటే లోపలి రబ్బరు పొర, మార్చకండి. కొత్త పంపు పెట్టి, పాతది ఒడ్డుకు వెళ్లాక తీరిగ్గా విప్పుకోండి. టాయిలెట్ పంపు, పడవ అడుగున చేరే నీళ్లను బయటికి తోడే బిల్జ్ పంపు, నీళ్లు పెరిగితే దాన్ని నడిపించే ఫ్లోట్ స్విచ్చు కూడా ఇలా మొత్తంగా మార్చుకునేలా ఒకటొకటి అదనంగా ఉండాలి. ఇంపెల్లర్లు, బెల్టులు, డీజిల్ ఫిల్టర్లు రెండేసి ఉంచుకోండి. ఇంజిన్‌కీ జనరేటర్‌కీ ఇంపెల్లర్ సైజు వేరు కావచ్చు, ఏది దేనికో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. డబ్బు సరిపోకపోతే ముందు టాయిలెట్ సామాను కొనండి, వాటర్‌మేకర్ సామాను తర్వాత. చిన్న రబ్బరు పడవ మోటారును మరిచిపోకండి. అది స్టార్ట్ కాకపోతే ఎవరూ ఒడ్డుకు వెళ్లలేరు. దాన్ని విప్పే ముందు చేతికి కట్టుకునే ఎర్రతాడు (ఊడితే మోటారును ఆపేసేది) క్లిప్పు పెట్టారా, పెట్రోలు ట్యాంకు మూత మీది గాలి మర తెరిచారా చూడండి. సగం గొడవలు అక్కడే తీరతాయి.

ఒక ఇంజిన్ పోయినా కంగారుపడకండి. కాటమరాన్ ఒక ఇంజిన్ మీద వెళ్తుంది, కాకపోతే నెమ్మదిగా ఉన్నప్పుడు ఆగిపోయిన ఇంజిన్ వైపుకే సులువుగా తిరుగుతుంది, రెండో వైపు మొరాయిస్తుంది. కాస్త వేగం అందుకున్నాకే చుక్కాని మాట వింటుంది. ఇరుకు జెట్టీలోకి దూరకుండా బయటే లంగరు వేసుకుంటే చాలు. గాలి బాగుంటే అసలు ఇంజిన్ల ఊసే వద్దు, తెరచాపలు ఎత్తండి. వాళ్లు వచ్చింది దానికోసమే, టైము టేబుల్ తొందరలో మనమే వాళ్లకు ఇంజిన్ చప్పుడు వినిపిస్తుంటాం.

డబ్బు సంగతి. మొదట మీ చార్టర్ ఒప్పందం తీసి చదవండి. పడవ వాడుకోవడానికి వీల్లేకుండా పోతే ఎన్ని గంటల తర్వాత, ఏ లెక్కన వెనక్కివ్వాలో చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సి వస్తే వాళ్లు అడిగేదాకా ఆగకండి. ఇవ్వక్కర్లేకపోయినా, పోయిన వారం వాళ్లకు ఆ ఒక్క రోజు చార్జీ వెనక్కి పంపడం సబబని నా ఉద్దేశం. రిపేరు ఖర్చు మీది, దానికి అతిథులు తిండికీ డీజిల్‌కీ ముందుగా ఇచ్చిన డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదు. చెడిన ప్రతిదానికీ ఉచితంగా డ్రింకులు పంచే అలవాటు మాత్రం వద్దు. అది తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది, సమస్యా తీరదు.

ఇక శనివారం. పంపు కారుతోందన్నారు. సముద్రపు నీరు ఎక్కడ పడుతోందో చూడండి. బెల్టు మీదో, వైర్ల మీదో, ఆల్టర్నేటర్ మీదో చిమ్ముతుంటే జనరేటర్ ఆపేసి దాని సంగతి మరిచిపోండి. కిందికి బొట్లు బొట్లుగా మాత్రమే పడుతుంటే పగటిపూట, మీ ఆయన మెలకువగా ఉన్నప్పుడు, గంటో రెండు గంటలో నడుపుకోవచ్చు. అప్పుడైనా ఆ నీళ్లు చేరేచోట బిల్జ్ పంపు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. రాత్రి అందరూ నిద్రపోతుండగా మాత్రం అస్సలు వద్దు. పైన ఎగ్జాస్ట్ హోస్ గురించి చెప్పింది ఇందుకే. ఒకసారి మాడిన హోస్‌కు పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియదు. హోస్ మీద అనుమానముంటే మార్చేదాకా జనరేటర్ తాకొద్దు. ప్రతి గదిలో ఆ వాయువును పసిగట్టే అలారం ఉండాలి, శుక్రవారమే బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడాలి.

కొత్త బృందానికి ఇవాళే ఫోన్ చేయండి. రాత్రి ఏసీ ఉండదనీ, ప్రతి గదిలో ఫ్యాన్లు పెడుతున్నామనీ, నీళ్లు పొదుపుగా వాడాల్సి ఉంటుందనీ, మిగతా ప్రయాణం అనుకున్నట్టే సాగుతుందనీ చెప్పండి. ఆ వారం మార్గాన్ని కూడా కొంచెం మార్చండి. దూరంగా ఉన్న చోట్లు మొదటి మూడు రోజుల్లో ముగించి, ఆ తర్వాత ఒడ్డుకు దగ్గరగా తిరగండి, పంపు వస్తే అందుకోవడానికి వీలుగా ఉంటుంది. ఏసీ లేనందుకు చార్జీలో కొంత తగ్గిస్తామని అదే ఫోన్‌లో చెప్పేయండి, ఎంతో కూడా చెప్పండి. వాళ్లలో చిన్నపిల్లలో, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లో ఉంటే వేడి విషయం నిజంగానే ఆలోచించాల్సిందే, కాబట్టి అది మీరే అడగండి. కుదరదంటే వేరే వారానికి మార్చండి, అదీ వద్దంటే డబ్బు పూర్తిగా తిరిగిచ్చేయండి. శనివారం సామాన్లతో జెట్టీ మీదికి వచ్చాక చెబితే, వద్దనుకున్నా పాపం ఎక్కక తప్పదు వాళ్లకు.